ఏడో టేకు

ఎక్కడ ఆపి చూస్తే అక్కడే అరుగుతుంది టేపు.
కీలుంగ్ రేవులో, చేపల వేలంపాటల వెనక సందులో
పంతొమ్మిదేళ్లు క్యాసెట్లు అద్దెకిచ్చినవాణ్ణి,
ఎవరి కోరిక ఎన్నో నిమిషంలో ఉందో నాకు తెలుసు.
లెక్కల మాస్టారిది స్నానాల గది దగ్గర.
కస్టమ్స్ గుమాస్తాది, పాపం, పెళ్లి భోజనం దగ్గర.
ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నానంటే
కొట్టు మూసేశాను గనక.

"తొమ్మిది వాకిళ్ల పగ" మాత్రం
నలభై ఒకటో నిమిషంలో అరిగింది.

తెల్ల పట్టు, సన్నటి కత్తి,
వాకిలి వాకిలికీ ఒక రంగు దీపం,
ఒక్కో రంగులో ఒక్కో హంతకుడు.
మంచు కూడా చెప్పిన చోటే పడుతుంది.
నెత్తురు చిమ్మితే
చేయి తిరిగినవాడు గీసిన గీతలా ఉంటుంది.
నాలుగో వాకిట్లో, నీలం వెలుగులో
ఎవడో నాయికను తంతాడు.
కాగితం తలుపు చించుకుని వెనక్కి ఎగిరి
పన్నెండు మెట్లు దొర్లి
లేచి మనవైపు తిరుగుతుంది,
కాటుక చెదరని ముఖం.
ఊరంతా అద్దె కట్టింది ఆ ముఖానికే.

దాన్ని ఎవరో కొరుక్కు తినేస్తున్నారు.
మొదట కంటి కింద ఒక తెల్ల గీత.
తర్వాత బూడిద చారలు.
చలికాలపు ముసురు వెలిసేసరికి
మెడ మీద తల ఉండాల్సిన చోట
కందిరీగల తుట్టె.

రిజిస్టరు తిరగేశాను.
ప్రతి గురువారం ఒకటే పేరు: చియెన్ పీ-యున్.
ఓడ కళాసీల బట్టలుతికే దుకాణం ఆమెది.
కుడికాలు కాస్త ఈడుస్తుంది.
చిల్లర లెక్కపెట్టకుండానే ఇస్తుంది,
ఎప్పుడూ సరిపోతుంది.

పాడుచేసినందుకు డబ్బులడుగుదామని
ఓ గురువారం నోరు తెరిచాను.
ఆమె గొడుగు మూసింది.
వెనక్కి తిరిగి నిలబడి
మెడ మీంచి జుట్టు పైకెత్తి పట్టుకుంది.
చెవి వెనక మొదలై చొక్కాలోకి దిగిపోయిన కుట్లు.
కుట్ల కంటే ముందే గుర్తుపట్టాను నేను.
ఆ భుజాలు, ఆ నడుము విరుపు,
వందసార్లు చూసిన వీపు.

"ఆరో టేకే బాగుందన్నాడు దర్శకుడు.
ఎందుకైనా మంచిదని ఇంకోటి తీశాడు."
అంతే చెప్పింది.
అదే క్యాసెట్టు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

తొమ్మండుగురిని నరకడానికి నాయికకు గంటన్నర చాలింది.
ఈమెకు చేతనైంది
పాజ్ బొత్తం మీద బొటనవేలు,
లోపల గిర్రున తిరిగే ఇనప తల,
వారానికింత, గోరుతో గీకినట్టు.
నేను కాపలా కాశాను.
ఇంకెవరడిగినా అద్దెకు పోయిందనేవాణ్ణి.

తర్వాత డిస్కులొచ్చాయి.
గీతలన్నీ కడిగి, రంగులు మళ్లీ అద్ది,
ఆ ముఖం మీగడ కట్టి తిరిగొచ్చింది.
ఇన్నేళ్ల కష్టం నీళ్లపాలే అనుకున్నాను.
రాత్రి షట్టరు దించి
ఒక్కో ఫ్రేమూ జరుపుతూ కూచున్నాను.
కాగితం చినిగే చోట
టేపులో మసక తప్ప ఏమీ ఉండేది కాదు.
ఇప్పుడు, ఒకే ఒక్క ఫ్రేములో,
చినుగు అంచుల మధ్య ఒక పిల్ల.
ఇరవై రెండేళ్లుంటాయేమో.
కళ్లు తెరిచే ఉన్నాయి.
పెదాలు ఏదో అంకె దగ్గర ఆగి ఉన్నాయి.

గురువారం దాకా నిద్ర లేదు.
టీవీని ఆమె వైపు తిప్పాను.
రేవులో ఏదో ఓడ కూత పెట్టింది.
కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి,
మళ్లీ పెట్టుకుంది.
ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందని కూడా అనుకున్నాను.
ఆమె తెర మీద వేలు పెట్టింది,
ముఖానికి జానెడు పక్కన,
గాల్లో ఒక పచ్చటి చుక్క మీద.

"ఎడమ చెవిది," అంది.
"అమ్మ ఇచ్చింది. ఆ రోజు మెట్లన్నీ వెతికించాను.
ఇక్కడుందన్నమాట."

కాసేపు తీయొద్దంది.
ఎంతసేపు ఆపినా
డిస్కు అరగదని చెప్పాను.